షోలాపూర్ మేడ మీద మూగబోయిన రిపీటర్

షోలాపూర్ వెళ్లొచ్చానని తెలిసి చీరాలలో ప్రతివాడూ అడిగింది ఒక్కటే: "దుప్పట్లు తెచ్చారా?" తెచ్చాను. ఒకటి. గళ్లది. నేను చెప్పదలచుకున్నది దాని సంగతి కాదు.

నేను బళ్లో చదివింది తక్కువ. రేడియో విద్య అంతా విప్పి పాడుచేసిన సెట్ల దగ్గరే నేర్చుకున్నాను. యుద్ధం రోజుల్లో సెట్లు తెచ్చి ఠాణాలో అప్పగించమని దొరలు చాటింపు వేస్తే, మా వీధి మాస్టారు తన సెట్టును గోనెసంచిలో పెట్టుకుని, బిడ్డను మోసినట్టు మోసుకుపోవడం కళ్లారా చూశాను. అంత చూసినవాణ్ణి, ఇక నన్ను అదరగొట్టే సంగతులేవీ మిగల్లేదనుకున్నాను. షోలాపూర్‌లో నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

వెళ్లిన పని ముందు చెప్పాలి. పరీక్ష రాసి, సర్కారు లైసెన్సు తీసుకుని, పైసా ఆశించకుండా గాలిలో మాట్లాడుకునే జాతి ఒకటుంది. హామ్‌లంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. చేతిలో పట్టే చిన్న సెట్టు మాట ఎంతో దూరం పోదు. అందుకని ఎత్తయిన చోట ఒక పెట్టె పెడతారు. అది సన్నటి గొంతును విని, అదే మాటను అప్పటికప్పుడు గట్టిగా మళ్లీ పలుకుతుంది. అదే రిపీటర్. షోలాపూర్ నేతవాళ్ల పేటలో ఎల్లప్ప అనే మరమగ్గాల మిస్త్రీ ఇంట్లో అలాంటిదొకటి ఉంది, పెట్టె కింది గదిలో, దాని ఏంటెన్నా మేడ మీద. ఎల్లప్పా హామే. ఏళ్ల తరబడి పొద్దుటిపూట షార్ట్‌వేవ్‌లో మాట్లాడుకున్నాం కానీ ఒకరి మొహం ఒకరు ఎరుగం.

ఒకనాడు అతని గొంతు దిగాలుగా వచ్చింది. "కాకా, మా రిపీటర్‌కు గొంతు పోయింది. ముందుగాల పండరిపురం దాంక ఇనబడుతుండె. ఇప్పుడు ఊరు దాటుతలేదు. వచ్చే ఐతారం పరీక్ష పెట్టిన్రు. నువ్వు రావాలె."

ఆషాఢంలో పండరిపురానికి జనం ఏరులై నడిచి వస్తారు. తప్పిపోయిన పిల్లల కబురు, పడిపోయిన ముసలివాళ్ల కబురు అందించడానికి హామ్‌లు అక్కడ కాపు కాస్తారు. పెట్టె ఎల్లప్పది కాదు, వేరే ఊళ్లో ఉన్న క్లబ్బుది. ఆదివారం ఆ క్లబ్బు పెద్దమనిషి పండరిపురం వెళ్లి అక్కణ్ణుంచి పిలుస్తాడట. మాట అందిందా సరే, లేకపోతే పెట్టె ఊడదీసి పట్టుకుపోతారట. నేను మీటర్లు మూటగట్టుకుని రైలెక్కాను.

అశోక్ చౌక్

స్టేషన్ నుంచి ఆటోవాడు మరాఠీలో బేరమాడాడు. బోర్డులన్నీ మరాఠీ. తీరా అశోక్ చౌక్‌లో దిగి నిలబడితే చుట్టూ తెలుగు! తాతల నాడే తెలుగు నేల నుంచి వలస వచ్చిన నేతవాళ్ల పేట అది. సైకిల్ మీద పోయేవాడు తెలుగులో తిడుతున్నాడు, కూరగాయలమ్మి తెలుగులో ఎదురు తిడుతోంది. "అరే, కాయ్ ఝాలం, జర పక్కకు జరుగు కద" అని ఒకడు నన్నే కసిరాడు. ఒక్క వాక్యంలో రెండు భాషలు, రెంటికీ తగువు లేదు.

ఆ తరువాత చప్పుడు. మా చీరాలలో గుంటమగ్గం చప్పుడు వింటూ పసిపిల్లలు నిద్రపోతారు. ఇక్కడ ప్రతి ఇంటి కింది గదీ మరమగ్గాల షెడ్డే. సందులో నడుస్తుంటే కాళ్ల కింద నేల వణుకుతుంది. ఈ మోతలో కూర్చుని రేడియో వినే మనిషి ఎలాంటివాడా అనుకుంటుండగానే, కనుబొమల మీద కూడా దూది నుసి అంటుకున్న ఒక బక్కపలచని మనిషి వచ్చి నా సంచి లాక్కున్నాడు. "వచ్చినవా కాకా" అన్నాడు. గొంతును బట్టే గుర్తుపట్టాను.

వాళ్లమ్మ అంబవ్వ, నాకంటే కొంచెం చిన్నదేమో, తిండి పెట్టింది. జొన్నపిండితో చేసిన పల్చటి పెళుసు భాకరి, పల్లీల పొడి చట్నీ. అప్పడమనుకుని కొరికాను. కింది పన్ను కదిలింది.

"అయ్యో అన్నా, ఇటుక కొరికినట్టు కొరుకుతున్నవేంది! తునకలు జేసి పులుసుల నానబెట్టుకో" అని ఆమె పకపకా నవ్వింది. నానబెట్టి తిన్నాను. బాగుంది. చెడ్డదని ఎందుకనాలి? మూడు తిన్నాను.

తింటుండగా ఆమే అసలు సంగతి ఎత్తింది. "ఆ నడుమ వచ్చిన పెద్ద భూకంపంల మా చెల్లె ఊరు నేలమట్టమాయె. బతికున్నదో లేదో ఎరుకనే లేకుండె. గా రేడియో డబ్బలకెల్లే కబురొచ్చింది, బతికున్నదని. గల్లి గల్లంత భాకరీలు గొట్టి లారీకెత్తినం అన్నా. ఇప్పుడు గా క్లబ్బు పెద్దమనిషి సఫారీ ఏసుకొచ్చి, సాలోళ్లకు రేడియో ఎందుకు, వీళ్లే ఖరాబు చేసిన్రు అంటడు."

"వాడెవడు అలా అనడానికి?" అన్నాను. నా గొంతు లేచింది. "భూకంపం నాడు ఈ మేడ మంచిదై, ఈనాడు చెడ్డదైందా? మీవాళ్లు ఏ తప్పూ చెయ్యలేదని నేను తేల్చి చూపిస్తాను చూడండి!"

ఆ ప్రతిజ్ఞ చేసినప్పుడు నా నోట్లో భాకరి ఉంది. ఇంకాస్త సేపు నమిలి ఉంటే బాగుండేది.

మేడ మీద

మర్నాడు పొద్దున్నే మేడ ఎక్కి చూశాను. ఏంటెన్నా స్తంభం కనబడలేదు. స్తంభానికీ, దాన్ని నిలబెట్టిన తీగలకూ, ఏంటెన్నా కొమ్మలకూ కూడా తడి నూలు చుట్టలు, చిలపలంటారు, వేలాడుతున్నాయి. అన్నీ ఎర్రటి ఎరుపు. పక్కింటి అద్దకం వాళ్లవట. రంగు ఓడుతున్న నూలు కింద నిలబడి పైకి చూస్తూ అరవబోయాను. నా తెల్లటి పంచె, లాల్చీ కుంకుమ భరణిలో పడ్డట్టయ్యాయి.

"ఇది ఏంటెన్నానా, బట్టలారేసే దండెమా?"

పక్క మేడ మీద నుంచి ఒకావిడ తొణక్కుండా అంది: "ఎండ గాడనే మంచిగ తగుల్తది తాతా. నీ కరెంటును మేమేం తింటున్నమా?"

ఎల్లప్ప సిగ్గుపడుతూ చిలపలన్నీ తీయించాడు. రంగు నీళ్లలో ఉప్పు వేస్తారు. ఉప్పుతడి నూలు ఏంటెన్నాకు చుట్టడమంటే మనిషి నోటికి తడిగుడ్డ కట్టి మాట్లాడమన్నట్టే. జబ్బు దొరికిపోయిందనుకున్నాను. కింద రేడియో గదిలో మీటరు తగిలించాను. పాతిక వాట్లు పైకి పోతున్నాయి, పైనుంచి వెనక్కి తన్నేది దాదాపు ఏమీ లేదు. అంటే ఏంటెన్నా పంపిందంతా స్వీకరిస్తోందని లెక్క. రోగం కుదిరిందని చెప్పి చాయ్ తాగాను. కప్పు రూపాయిన్నర. మా ఊళ్లో ఆ డబ్బుకు దీనికి రెట్టింపు పోస్తారు. చాయ్ కూడా నెగ్గిన సంబరంలో బాగానే ఉంది.

విడీ ఘర్కుల్

నెగ్గామో లేదో తెలియాలంటే దూరం పోయి వినాలి. ఎల్లప్ప తన లూనా మోపెడ్ మీద వెనక నన్ను కూర్చోబెట్టుకుని హైదరాబాద్ రోడ్డు పట్టాడు. చేతి సెట్టు నా చెవి దగ్గర పెట్టుకున్నాను. పేట దాటేసరికే గొంతులో గరగర మొదలైంది. బీడీ కార్మికుల కోసం కట్టిన కాలనీ విడీ ఘర్కుల్ చేరేసరికి మాట పోయి, ఒట్టి బుసబుస మిగిలింది.

నేను అక్కడి అరుగు మీద చతికిలబడ్డాను. అరుగు నిండా ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మా చీరాలలో ఆడవాళ్లు పొగాకు ఆకు వేరుచేసే పనికి పొద్దున పోయి సాయంత్రం వస్తారు. ఇక్కడ పనే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. నోరు మాట్లాడుతూనే ఉంది, వేళ్లు చుడుతూనే ఉన్నాయి.

"తాతా, గా డబ్బల పోపు ఏగుతున్నదా ఏంది?" అంది ఒకామె, నా సెట్టు బుసను విని.

"మాట వినబడాలమ్మా. రావడం లేదు."

"నీ మాట ఎంత సోకుగున్నది! మీ ఊర్లందరు సీన్మల లెక్కనే మాట్లాడ్తరా?"

అందరూ గొల్లుమన్నారు. ఎర్రటి పంచె కట్టుకున్న ముసలాణ్ణి చూసి నవ్వడానికి వాళ్లకు కారణాలు తక్కువేమీ లేవు. ఇంకొకామె మాత్రం నవ్వకుండా ఎల్లప్పను అడిగింది: "నిజంగనే గా పెట్టెను కొంచపోతరా అన్నా?" ఎల్లప్ప లూనా పెడల్ తిప్పడం మొదలుపెట్టాడు.

మీటరు అబద్ధమాడదు. చెవీ అబద్ధమాడదు. మరి రెండూ రెండు మాటలు ఎలా చెబుతాయి?

మగ్గాల షెడ్డు

తిరిగొచ్చి కూర్చున్నాక అప్పుడు వెలిగింది. నీటి గొట్టానికి దారి పొడుగునా చిల్లులుంటే, కిందినుంచి కొట్టిన నీళ్లలో చాలా భాగం పైకి చేరేలోపే కారిపోతుంది. పైనుంచి వెనక్కి రావలసిన కాసిన్ని నీళ్లూ దిగేలోపే కారిపోతాయి. కింద నిలబడ్డవాడు మాత్రం వెనక్కి ఏమీ రాలేదు, పైన బ్రహ్మాండంగా ఉందనుకుంటాడు. అలా అనుకున్న మొనగాణ్ణి నేనే! అంత అనుభవం, ఇంత మోసం!

మర్నాడు మీటరును మేడ మీదకు మోసుకుపోయి ఏంటెన్నా మొదట్లో తగిలించాను. కింద పాతిక వాట్లు పోస్తే పైకి నాలుగు కూడా చేరడం లేదు.

"ఎల్లప్పా, గది నుంచి ఏంటెన్నాకు పోయే కేబుల్ ఎప్పటిది?"

"కొత్తదే కాకా. దీపావళికి క్లబ్బోళ్లు బొంబాయి కేబుల్ తెచ్చిచ్చిన్రు గద."

"అంతా కొత్తదేనా?"

"అంత కొత్తదే. నేను డ్యూటీకి పోయిన, వచ్చేసరికి మనోళ్లు ఏసిన్రు. గదిల కొత్తదే ఉన్నది, మేడ మీద కొత్తదే ఉన్నది. నీ కండ్లతోనే చూడు."

నిజమే. రెండు చివరలా నల్లగా నిగనిగలాడుతోంది. ఈ మాట మీదే, ఇన్ని నెలలూ ఎవరూ కేబుల్‌ను అనుమానించలేదు. నేను మాత్రం దాన్ని చేత్తో తడుముకుంటూ బయలుదేరాను. రేడియో గది నుంచి కేబుల్ గోడలో దూరి షెడ్డులోకి వెళుతుంది, అక్కడ కప్పు దూలం వెంట పోయి మళ్లీ మేడకు ఎక్కుతుంది. షెడ్డులో దూలాలకు దూది నుసి గడ్డాలు వేలాడుతున్నాయి. కేబుల్ మీద నుసి, దాని మీద సున్నం. నిచ్చెన వేసి, నుసి దులిపి, వేళ్లతో తడుముతూ పోతుంటే ఒకచోట గింజంత ఉబ్బు తగిలింది. గీరాను. దారం చుట్టు. ఎంత సన్నగా, ఎంత వరసగా చుట్టారంటే కంటికి ఆనదు. దాని మీద గంజి పట్టించి ఎండబెట్టారు.

కింద నుంచి అంబవ్వ కేక వేసింది. "అన్నా, ఊడగొట్టకు! గది నేనే అతికిన!"

ఆ గొంతులో ఎంత గర్వముందో నేను రాయలేను.

నేతపని తెలియనివాళ్లకు ఇది అర్థం కాదు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, చివరి పోగుల దాకా నేసి పారెయ్యరు. పాత పోగుల కొసలు మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. పాతది కొత్తదాన్ని లోపలికి లాక్కుపోతుంది. పాతది మొత్తం పీకేస్తే మళ్లీ మొదటినుంచి పోగులన్నీ ఎక్కించుకోవాలి, అది తెలివితక్కువవాడి పని. ఆ షెడ్డులో పడుగులు అతికేది అంబవ్వే. కొత్త కేబుల్ వచ్చింది. ఎండకూ వానకూ చెడిన చివరలు కోసేసింది. షెడ్డులోని పాత కేబుల్ చూపుకు గట్టిగానే ఉంది. దానికి ఇటొక కొత్త ముక్క, అటొక కొత్త ముక్క. లోపలి తీగకు లోపలి తీగ, పైఅల్లికకు పైఅల్లిక, పోగు పోగునా కలిపింది. గంజి పెట్టింది.

"మరి మిగిలిన కొత్త కేబుల్?" అని అడిగాను. అడగకపోయినా బాగుండేది.

అటక మీద ఉంది. చిలప చుట్టి, పాత చీరలో మూటగట్టి, ఎలుకలు కొరక్కుండా దూలానికి వేలాడదీసి ఉంది! "మంచిది కద, దాచిన. రేపు అక్కెరకొస్తది" అంది.

షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఒక కార్మికుడు అరిచాడు: "ఎల్లప్పా, నీ రేడియోకు మీ అవ్వ పడుగు జోడిచ్చిందిరో! ఇంక దుప్పటి నెయ్యి!" అందరూ నవ్వారు. ఎల్లప్ప నవ్వలేదు.

పాత కేబుల్ కోస్తే లోపలి రాగి బొగ్గులా నల్లబడింది, అల్లిక పచ్చగా చిలుమెక్కింది. వంచితే నీటి చుక్కలు రాలాయి.

"పోగుకు పోగు మంచిగనే కలిసింది కద అన్నా?" అంది అంబవ్వ. ఆ గొంతులో ఇప్పుడు గర్వం లేదు.

"కలిసిందమ్మా. మామూలు కరెంటుకైతే అది చాలు. ఈ రేడియో కరెంటు వేరు. దారి మొదటినుంచి చివరదాకా ఒక్క తీరుగా ఉండాలి, మధ్యలో చిన్న ఉబ్బు తగిలినా తడబడుతుంది. గంజి తేమ పీలుస్తుంది, ఆ తేమంతా లోపలికి దిగింది."

"మరి గా సఫారీయన గడపల నిలబడి కట్ట చేతికిచ్చి పోయిండు గాని, పాతది మొత్తం తీసెయ్యమని ఒక్క మాటన్న చెప్పలే."

చెప్పలేదు! షెడ్డులో అడుగు పెడితే బూట్లకు నుసి అంటుతుందనుకున్నాడేమో! నాకు ఒళ్లు మండింది. కానీ ఎంత మండినా, మీవాళ్ల తప్పేమీ లేదని భాకరి నములుతూ నేను చేసిన ప్రతిజ్ఞ అక్కడ నుసిలో పడి ఉంది.

అంబవ్వ కత్తెర అడిగి తీసుకుంది, నిచ్చెన ఎక్కింది. తాను అతికిన రెండు అతుకులనూ తానే కోసేసింది.

కొంతం చౌక్

కేబుల్ చివర బిగించే కనెక్టర్ల కోసం మధ్యాహ్నం కొంతం చౌక్ వెళ్లాం. కొట్టువాడు ముందు మరాఠీలో ఒక ధర చెప్పి, మా తెలుగు విని తెలుగులో ఇంకొకటి చెప్పాడు. రెండోదే ఎక్కువ! "ఇదేమి న్యాయమయ్యా?" అంటే, "మనోళ్లు గద, ఏమనుకోరని" అన్నాడు. గళ్ల దుప్పటి కొన్నది అక్కడే. దారిలో ఎల్లప్పకు ఒక మాట చెప్పాను. "ఆదివారం జబ్బేమిటని అడిగితే, కేబుల్ పాడైందని చెప్పు. అంతకు మించి చెప్పకు."

మరాఠీలో "బరం" అన్నాడు, సరేనని. ఒప్పుకున్నాడో, ఊరికే విన్నాడో తెలియలేదు.

ఆ సాయంత్రమే అటక మీది కేబుల్‌ను, ఎక్కడా తెగకుండా, గది నుంచి ఏంటెన్నా దాకా ఒకే పొడుగున లాగాం. మీటరు మేడ మీద ఇరవై దాటి చూపించింది. విడీ ఘర్కుల్ అరుగు మీద నేను చేతి సెట్టు పెడితే ఎల్లప్ప గొంతు గంటలా మోగింది. "పోపు ఏగుడు అయిపాయె, ఇంక వడ్డించు తాతా" అన్నారు ఆడవాళ్లు.

ఆదివారం

పొద్దున్నే మేడ నిండా జనం. చప్పుడు లేకుండా ఉండాలని ఆ వరస ఇళ్లలో మగ్గాలు ఆపేశారు. ఆ సందులో నిశ్శబ్దం వినడం నాకదే మొదటిసారి. మేం మాట్లాడే రేడియోకు పొడుగు కరెంటు తీగ వేసి మేడ మీదకే తెచ్చాం. అంబవ్వ కింది గదిలో రిపీటర్ పెట్టెకు బొట్టు పెట్టి వచ్చింది.

పిలుపు వచ్చింది. పండరిపురం నుంచి పెద్దమనిషి గొంతు, గొంతు వెనక ఎక్కడో భజన తాళాలు కూడా వినబడుతున్నాయి! మేడంతా ఒక్కసారి ఈలలు వేసింది. ఆయన ఇంగ్లీషులో అడిగాడు: జబ్బేమిటి, ఎక్కడ దొరికింది?

నేను ఎల్లప్ప వైపు చూశాను. అతను మీట నొక్కి, నిదానంగా, తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాడు. పాత కేబుల్ కొంత లోపల ఉండిపోయిందని, దానికి కొత్తది తమ ఇంట్లోనే అతికారని, తప్పు తమదేనని.

అవతల నవ్వు వినబడింది. స్పష్టంగా వినబడింది. ఆ తరువాత మాటలు. చాలా సంతోషం. ఇంత బాగా పనిచేస్తున్న పెట్టెను ఇక అలాంటి చోట ఉంచడం తగదు. ఇంకో ఊళ్లో ఇంజనీరింగు కాలేజీ భవనం మీద పెట్టాలని కమిటీ ముందే అనుకుంది. మంగళవారం జీపు వస్తుంది. కేబుల్ కూడా జాగ్రత్తగా చుట్టి ఇవ్వండి. ఇంతకూ నా మాట ఎలా అందుతోంది?

నాకు చెవులు గింగురుమన్నాయి. పాడైతే మీరు పాడుచేశారని పట్టుకుపోతారు! బాగుపడితే మీకు ఎక్కువైందని పట్టుకుపోతారు! గాలిలో బూతు పలకరాదన్నది మా నియమం, ఇన్నేళ్లలో నేను తప్పలేదు. ఆనాడు తప్పబోయి మైకు లాక్కున్నాను. ఎల్లప్ప నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు కాకా. ఆయన రిపోర్ట్ అడిగిండు."

అవతలివాడు ఎవరైనా సరే, మాట ఎలా అందిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడం మా ఆచారం. స్పష్టతకు అయిదు, బలానికి తొమ్మిది అన్నవి నిండు మార్కులు. ఎల్లప్ప మీట నొక్కి, "ఫైవ్ నైన్, సార్. ప్రతి మాటా అందింది" అన్నాడు. మైకు కింద పెట్టాడు.

"ఏమన్నడురా?" అంది అంబవ్వ.

"మంగళారం జీబు వస్తదట అవ్వా. పెట్టెను కొంచపోతరట."

ఆమె కొడుకును చూసింది, నన్ను చూసింది. "ఖరాబున్నప్పుడు కొంచపోతే ఏమాయె? బాగు చేసినంక కొంచపోతరా?"

జీపు సంగతికి ఒప్పుకోలు చెప్పమని రేడియో మళ్లీ పలికింది. పండరిపురం పిలుస్తోంది. షోలాపూర్, వినబడుతోందా? షోలాపూర్, వినబడుతోందా? తాళాలతో సహా వినబడుతోంది. మేడ మీది వాళ్లు విన్నారు, పక్క మేడల వాళ్లూ విన్నారు. ఎవరూ మీట నొక్కలేదు.